పీఎఫ్ కోత గారికి, చీమకుర్తి నుంచి

అయ్యా పీఎఫ్ కోత గారూ, నమస్కారం.

మీరు నన్ను మర్చిపోయి ఉండొచ్చు గానీ నేను ప్రతి నెలా జీతం చీటీలో మిమ్మల్ని చూస్తూనే ఉన్నా. గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో పని నాది. బేసిక్ 15,000, అందులో 12 శాతం, 1,800 మీరు. జీతం లేటైన నెలలున్నాయి, ఓవర్‌టైం డబ్బులు ఎగ్గొట్టిన నెలలున్నాయి, మీరు తప్పిన నెల మాత్రం లేదు. అంత పద్ధతైనవారు గేటు దాటాక ఏమైపోతున్నారండీ?

మరుసటి నెల 15కల్లా యజమాని వాటాతో కలిసి పీఎఫ్ ఆఫీసుకు చేరాలి కదా. ఆ వాటాలో 1,250 నా పింఛనుకు పోవాలి. రాతి బురదలో అరిగిన వేలికి ఫోన్ లాక్ తెరుచుకోదు, మా అమ్మాయి పాస్‌బుక్ తీసి చూస్తే కరోనా తర్వాత ఒక్క జమా లేదు.

అడిగితే "కేసు నడస్తా ఉందయ్యా" అంటారు. పీఎఫ్ బాకీ ఎంతో తేల్చే సెవెన్-ఏ విచారణలో మా ఓనరు వకీలు, వీళ్లు మా మనుషులు కాదు, కాంట్రాక్టరు మనుషులన్నాడు. కాంట్రాక్టరు పెట్టినవాడూ ఉద్యోగేనని 1952 పీఎఫ్ చట్టంలోనే ఉందంటే, రిజిస్టర్లు వానకు తడిసిపోయాయన్నాడు. (మా ప్రకాశంలో వాన పడటమే వార్త, ఆ పడిన నాలుగు చినుకులూ రిజిస్టర్ల మీదే పడ్డాయి కాబోలు.) చివరికి కట్టమని ఆర్డరొస్తే ట్రిబ్యునల్‌కు పోయారు. అప్పీలు వినాలంటే ముందు తేల్చిన బాకీలో 75 శాతం డిపాజిట్ చేయాలన్నది అప్పటి రూలు, కంపెనీ కష్టాల్లో ఉంది తగ్గించండి అని పిటిషన్. అదే నెలలో యార్డులో కొత్త క్రేను దిగింది, కొబ్బరికాయ నాచేతే కొట్టించారు.

ఓనరు వాటా బాకీ అంటే సరే, ఒప్పుకుంటా. మీరు నా కూలి డబ్బులు కదా! కోసుకుని కట్టకపోతే నమ్మకద్రోహం నేరమని చట్టమే చెబుతోంది. మేం డీజిల్ డబ్బా ఒకటి ఎత్తుకుపోతే సాయంత్రానికల్లా స్టేషన్లో కూర్చోబెడతారు. మిమ్మల్ని ఎత్తుకుపోయినవాళ్లకు వాయిదా, ఆ రోజు వకీలు రాకపోతే ఇంకో వాయిదా.

58 ఏళ్లొస్తే పింఛనంట. కనీసం వెయ్యి రూపాయలు, 2014 నుంచీ అదే వెయ్యి. అదన్నా రావాలంటే పదేళ్ల సర్వీసు లెక్క తేలాలి, ఆ లెక్క మీ దగ్గరే ఇరుక్కుంది.

వచ్చే నెల చీటీలోనూ కనబడతారని తెలుసు. ఈసారి పోతే రసీదు పంపండి. లేదంటే నా జీతంలోనే ఉండిపోండి, కిరాణా కొట్లో బాకీ అన్నా తీరుద్ది.

ఇట్లు,
మీ అసలు యజమాని