బెల్లం చక్కెర కాదు, ప్రసాదం తీపి కాదు

నేను చక్కెర మానేసి నేటికి 19 రోజులు. ఈ మధ్యలో తిన్న మూడు మైసూర్‌పాకులు, గిన్నెడు చక్కెర పొంగలి, కొలీగ్ ప్రమోషన్ తాలూకు గులాబ్‌జామూన్ ఆ లెక్కలోకి రావు. ఎందుకు రావో విన్నవించుకోవడానికే ఈ వ్యాసం. డైటింగ్ అంటే నోరు కట్టుకోవడమని లోకం పొరబడుతోంది. అది పూర్తిగా లాయర్లు చూడాల్సిన వ్యవహారం.

మొన్న రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరుగారు "బోర్డర్‌లో ఉన్నారు" అన్నారు. బోర్డర్‌లో ఉన్నవాడి బాధ్యతేమిటో దేశభక్తి ఉన్న ఎవరికైనా తెలుసు. కంచె ఎక్కడుందో రోజూ వెళ్లి చూసి రావాలి. చూసి వస్తున్నాను.

రోజుకు 25 గ్రాములు దాటకపోతే మంచిదన్నారు ఆయన. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 నుంచీ ఇంచుమించు అదే చెబుతోంది. అంటే సుమారు ఆరు చెంచాలు. కాఫీకి రెండు చెంచాల చొప్పున, ఉదయం పదకొండున్నరకు మూడో కాఫీతో నా కోటా సరి. అక్కడి నుంచి రాత్రి పడుకునేదాకా సన్యాసమే. సంసారికి ఇది సాధ్యమా?

సరిగ్గా ఇక్కడే మా అత్తయ్య బెల్లాన్ని రంగంలోకి దించింది. "బెల్లంలో ఇనుముంటుంది నాయనా, ఏం కాదు" అంది. చక్కెర ఎక్కడో మిల్లులో పుట్టిన పరాయిది. బెల్లం అలా కాదు, అనకాపల్లి నుంచి వచ్చిన మన పిల్ల. రెండూ ఒకే చెరుకు కడుపున పుట్టాయనీ, గ్రాముకు ఇదైనా అదైనా దాదాపు 4 కేలరీలేననీ, ఆ కాస్త ఇనుము కోసం బెల్లమే తినక్కర్లేదనీ డైటీషియన్ అంటుంది. ఆ అమ్మాయికి ముప్పై ఉంటాయేమో. మా అత్తయ్యకు 74. పెద్దల మాట జవదాటే పెంపకం కాదు నాది. నేను తినేది ఇనుము. దాన్ని అంటిపెట్టుకుని తీపి వస్తే నా తప్పా?

ప్రసాదం సంగతి వేరే చెప్పాలా? వద్దంటే కళ్లు పోతాయంటారు. షుగర్ ముదిరినా కళ్లకే ప్రమాదమంటారు. ఎటు తిరిగీ కళ్లకే వచ్చినప్పుడు పుణ్యం దక్కే దారి పట్టడం వివేకం.

ఆ డైటీషియనే ఇంకో సలహా కూడా ఇచ్చింది. మధ్యాహ్నం కడుపు మాడ్చుకుంటే సాయంత్రానికి మనసు తీపి మీదికి పోతుందట, కాబట్టి గుడ్డో పెసలో తినాలట. అయినా కోరిక పుడితే పదిహేను నిమిషాలు నడవాలట. నడిచాను. మా వీధి చివరి మిఠాయి దుకాణానికి పోను ఏడున్నర, రాను ఏడున్నర. ఇంత కొలిచినట్టు వైద్యం చెప్పేవాళ్లు ఈ రోజుల్లో అరుదు.

అసలు మన భాషే నన్ను బతకనివ్వడం లేదు. డీఏ పెరిగితే పేపర్లో "ఉద్యోగులకు తీపి కబురు" అని వేస్తారు. ఒక్కరైనా "పెసల కబురు" అని రాసిన పాపాన పోలేదు.

ఇదిలా ఉండగా మా తోడల్లుడు ఆత్రేయపురం నుంచి పూతరేకుల పెట్టె తెచ్చాడు. బెల్లంవే. రాత్రి పదకొండున్నరకు లైటు వేయకుండా వంటింట్లోకి వెళ్లాను. బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి నీళ్లతో తీసే ఆ రేకు పట్టుకుంటే కాగితమంత బరువు కూడా ఉండదు. బరువే లేనిది నా బరువెలా పెంచుతుందనే శాస్త్రీయ ప్రశ్న అడుగుతూ కొరికాను. దానికి ఒకటే లోపం. ఎంత మెల్లగా కొరికినా కరకరమంటుంది. నెయ్యి మణికట్టు దాకా జారింది.

"ఏంటండీ ఆ చప్పుడు?" గదిలోంచి మా ఆవిడ.

"నీళ్లు తాగుతున్నా."

"నములుతున్నట్టుందే!"

లైటు వెలిగింది. నా బనీను మీద రేకు ముక్కలు, మీసానికి బెల్లం పొడి. ఆవిడ నన్ను చూసింది, పెట్టెను చూసింది, పదికి ఏడే మిగిలాయని లెక్కపెట్టుకుంది.

"బెల్లంవే" అన్నాను.

"అయితే నాకూ రెండు ఇటు పడేయండి. మొన్న నాకు రక్తం తక్కువన్నారు."