ఆహాజు ఎవరో చెప్పకుండా ఇమ్మానుయేలు గురించి ఏం చెబుతాం?

మా సంఘంలో పన్నెండేళ్లుగా సండే స్కూలు పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. మొన్న సెమీ క్రిస్మస్ కోసం వాక్యాలు కంఠతా పట్టిస్తుంటే, ఏడో తరగతి అమ్మాయి యెషయా 7:14 తప్పు లేకుండా ఒప్పజెప్పింది: ప్రభువే ఒక సూచన ఇస్తాడు, కన్యక గర్భవతియై కుమారుని కని అతనికి ఇమ్మానుయేలు అని పేరు పెడుతుంది అని. కూర్చోకుండా అలాగే నిలబడి అడిగింది: "అక్కా, ఈ సూచన ఆహాజు రాజు కాలంలో ఇచ్చిందని పైన ఉంది కదా. యేసయ్య పుట్టేది ఏడు వందల ఏళ్ల తర్వాత. మరి అది ఆ రాజుకు సూచన ఎలా అవుతుంది?"

నేను నోరు తెరిచేలోపే వెనక కూర్చున్న సంఘ పెద్ద ఒకరు అందుకున్నారు. "దేవుని వాక్యాన్ని ప్రశ్నించకూడదమ్మా, నమ్మాలి." పిల్ల తల దించుకుని కూర్చుంది. ఆ పూట నుంచి నా మనసు కుదుటపడలేదు. ఆ గదిలో అధ్యాయాన్ని మొదటి నుంచి చదువుకొచ్చింది ఆ అమ్మాయి ఒక్కతే.

అసలు ఆ అధ్యాయంలో ఏం జరిగింది? క్రీ.పూ. 734 ప్రాంతం. సిరియా రాజు రెజీను, ఉత్తర ఇశ్రాయేలు రాజు పెకహు కలిసి యెరూషలేము మీదికి దండెత్తారు. యెరూషలేములో ఇరవై ఏళ్ల వయసులో గద్దెనెక్కిన యూదా రాజు ఆహాజు గుండె, అతని ప్రజల గుండె గాలికి అడవి చెట్లు ఊగినట్టు ఊగిపోయాయి. రాజు చాకిరేవు దారిలో, పై కోనేటి కాలువ దగ్గర ఉన్నాడు. ముట్టడి వస్తే ఊరికి నీళ్లెలా అని చూసుకోవడానికి వెళ్లి ఉంటాడని పండితులు అంటారు. ప్రవక్త యెషయా అక్కడికే వెళ్లాడు, ఒంటరిగా కాదు, తన కొడుకును వెంటబెట్టుకుని. ఆ పిల్లవాడి పేరు షెయార్యాషూబు. 'శేషం తిరిగి వస్తుంది' అని దాని అర్థం. ఆ ఇద్దరు రాజులూ పొగలు కక్కుతున్న కొరకంచు కొనలేనని, భయపడవద్దని యెషయా చెప్పాడు. ఆ తర్వాతే ఇమ్మానుయేలు మాట వచ్చింది.

సూచన 'మీకు' అని బహువచనంలో ఉంది కాబట్టి అది దావీదు వంశమంతటికీ ఇచ్చిందని కొందరు జవాబు చెబుతారు. అది నిజమే. కానీ 16వ వచనాన్ని ఏం చేద్దాం? ఆ బిడ్డకు మంచీ చెడూ తెలిసే వయసు రాకముందే ఆ ఇద్దరు రాజుల దేశం పాడవుతుందని అక్కడ ఉంది. అలాగే జరిగింది. సిరియా రాజధాని దమస్కు క్రీ.పూ. 732లో అష్షూరు సామ్రాజ్యం చేతిలో పడింది, మరో పదేళ్లకు ఇశ్రాయేలు రాజధాని షోమ్రోను కూలింది. అంటే ఆ మాట మొదట వణికిపోతున్న ఆ ఊరికోసం వచ్చిన మాట. ఆహాజు మాత్రం దాన్ని నమ్మలేక, మందిరంలోని వెండి బంగారాలను అష్షూరు రాజుకు కానుకగా పంపి కాపాడమని వేడుకున్నాడు.

'కన్యక' అనే మాట దగ్గరా అంతే. హెబ్రీ మూలంలో ఉన్నది 'అల్మా'. అంటే ఈడొచ్చిన అమ్మాయి. మన కన్యాదానంలోని కన్య కూడా దాదాపు ఆ అర్థంలోనిదే. క్రీస్తుకు పూర్వమే యూదులు దాన్ని గ్రీకులోకి తెచ్చినప్పుడు 'పార్థెనోస్' అన్నారు. యేసు పుట్టుక గురించి చెబుతూ ఈ వచనాన్ని ఎత్తిన మత్తయి గ్రీకులో రాశాడు, ఆ మాటనే తీసుకున్నాడు. ఇది పిల్లలకు చెబితే వాళ్ల విశ్వాసం కూలిపోతుందా? నాకు తెలిసి ఇరవై ఏళ్లు కావస్తోంది, నాది కూలలేదు. ఇంట్లో చెప్పకుండా దాచినదాన్ని రేపు కాలేజీలో ఎవరో ఎగతాళిగా చెప్పినప్పుడు కూలుతుంది. అలా సంఘానికి దూరమైన పిల్లలను నేను చూశాను.

ఏటా డిసెంబరులో మూడు వందలు, మూడు వందల యాభై అంటూ నెరవేరిన ప్రవచనాల పట్టికలు ఫోన్లలో తిరుగుతాయి. వాటిలో హోషేయ 11:1 తప్పకుండా ఉంటుంది: ఐగుప్తులో నుంచి నా కుమారుని పిలిచాను అని. హోషేయ అక్కడ జరగబోయేది చెప్పడం లేదు, ఇశ్రాయేలీయులు దాస్యం నుంచి బయటపడిన పాత రోజులు తలుచుకుంటున్నాడు. పసివాడైన యేసు ఐగుప్తు నుంచి తిరిగి రావడం గురించి రాస్తూ ఈ మాటను వాడిన మత్తయికి ఆ సంగతి తెలియదా? బాగా తెలుసు. ఇశ్రాయేలు నడిచిన దారినే యేసు మళ్లీ నడిచాడని చూపించడానికే ఆ మాట ఎత్తుకున్నాడు. పాత గాయం, పాత విడుదల తెలిసినవాడికే ఆ 'నెరవేర్పు' బరువు తెలుస్తుంది. దాన్ని జ్యోతిషం లెక్కకు దించితే మత్తయికి అన్యాయం చేసినట్టే.

ఇంకొక మాట నన్ను నిజంగా బాధపెడుతుంది. ఇతరుల కోసం బాధపడే దేవుని సేవకుణ్ణి వర్ణించే యెషయా 53 చదివి, "తమ గ్రంథం తమకే అర్థం కాని గుడ్డివారు" అని యూదుల గురించి వేదిక మీద చెప్పడం. నేను ఆ అధ్యాయంలో సిలువనే చూస్తాను, కన్నీళ్లతో చూస్తాను. కానీ 49:3లో దేవుడు తన సేవకుణ్ణి "ఇశ్రాయేలూ" అనే పిలిచాడు. 1096లో సిలువ గుర్తు ధరించిన దండు రైను నది ఒడ్డు పట్టణాల్లో యూదులను ఊచకోత కోసింది. ఆ కాలంలో బతికిన రాషీ అనే యూదు పండితుడు ఆ బాధపడే సేవకుడిలో తన జనాన్నే చూశాడు. చూడడా మరి? మృత సముద్రం దగ్గరి కుమ్రాను గుహలో 1947లో దొరికిన, ఏడు మీటర్లు దాటిన యెషయా చుట్టను క్రీస్తుకు వందేళ్లకు పైగా ముందు తోలు మీద అక్షరం అక్షరం రాసింది యూదుల చేతులే. 53వ అధ్యాయం అందులో భద్రంగా ఉంది. మనకు ఆ మాటను అందించినవారిని గుడ్డివారనడానికి నోరెలా వస్తుంది?

మత్తయి సువార్త 'దేవుడు మనకు తోడు' అనే పేరుతో మొదలై, "సదాకాలము మీతో కూడ ఉన్నాను" అనే మాటతో ముగుస్తుంది. కాలువ గట్టున భయంతో నిలబడ్డ ఆహాజు కథ తెలిసినప్పుడే ఆ పేరు నా గుండెకు తగిలింది. అంతకుముందు అది గ్రీటింగు కార్డు మీద మాట.

ఈసారి పిల్లల నాటికను గొర్రెల కాపరులతో కాకుండా ఆ కాలువ గట్టుతో మొదలుపెట్టి రాశాను. పెద్దలు ఒప్పుకుంటారో లేదో వచ్చే ఆదివారం తెలుస్తుంది. రాజు వేషం ఎవరూ అడగలేదు. ప్రశ్న వేసిన అమ్మాయి తమ్ముడు మాత్రం యెషయా కొడుకు వేషం తనకే కావాలంటున్నాడు. దానికి మాటలేవీ లేవని చెప్పాను. నాన్న చెయ్యి పట్టుకుని నిలబడతానన్నాడు.