‘టెంపరరీ - తీసేయొద్దు’ అనే స్నాప్‌షాట్ గారికి

విజయనగరం,
సిరిమానోత్సవం వెళ్లిన వారం.

స్నాప్‌షాట్ గారికి,

నమస్కారాలు. తమరి పూర్తి పేరు ‘అప్‌గ్రేడ్ ముందు - టెంపరరీ - తీసేయొద్దు’. టెంపరరీ అనే మాటా, తీసేయొద్దు అనే మాటా ఒకే పేరులో పెట్టించుకున్న ఘనులు మా ఆఫీసులో మీరొక్కరే. కిందటేడు శ్రావణమాసంలో పుట్టారు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఎక్కిస్తూ, తేడా కొడితే వెనక్కి వెళ్లిపోవచ్చని, డిస్కులో డేటా ఆ క్షణాన ఎలా ఉందో అలా నిలిపి ఉంచే స్నాప్‌షాట్‌గా ఒక కుర్రాడు మిమ్మల్ని తీశాడు. అప్‌గ్రేడ్ అరగంటలో అయిపోయింది. కుర్రాడు బెంగళూరు వెళ్లిపోయాడు. మీరు ఉండిపోయారు.

వచ్చిన రోజున మిమ్మల్ని చూసి మురిసిపోయినవాళ్లలో నేనూ ఉన్నాను. అబద్ధమెందుకు. రెండు టెరాబైట్ల లన్‌ని, అంటే స్టోరేజీ పెట్టెలో సర్వర్‌కి కేటాయించిన డిస్కు భాగాన్ని, క్షణంలో ఫోటో తీసినట్టు తీశారు. ఎంత చోటు పట్టిందా అని చూస్తే లెక్కలోకే రానంత. చేతిసంచీ ఒక్కటీ పట్టుకుని బస్సు దిగిన చుట్టంలా ‘నాకేం అక్కర్లేదండీ, వరండాలో ఓ మూల చాలు’ అన్నారు. సంచీలో నిజంగానే ఏమీ లేదు. తమరి తెలివంతా అక్కడే ఉంది. మీరు సామాను తెచ్చుకోరు. ఇంట్లోవాళ్లు ఏది పారేయబోయినా అడ్డంపడి, ‘నేను వచ్చిన రోజున ఇది ఇక్కడే ఉంది, ఉండనివ్వండి’ అంటారు.

డేటాబేసు ఒక బ్లాకు మీద, అంటే డిస్కులో ఒక చిన్న గడి మీద, కొత్త అంకె రాయబోతుంది. పాత అంకెను ముందు తీసి మీ గదిలో దాస్తే గానీ రాయనివ్వరు. కొన్ని స్టోరేజీ పెట్టెల్లో పాతదాన్ని కదపకుండా కొత్తదాన్నే వేరే చోట రాస్తారు. ఎలా రాసినా పాతది మీ పేరనే ఉంటుంది. మాకు బిల్లు కొట్టినకొద్దీ మీకు ఒళ్లు వచ్చింది. చాప కింద నీరులా ఒక టెరాబైటు దాటి మూడువందల జీబీ. పద్నాలుగు నెలల్లో ఒక్కరోజు కూడా ఎవరికీ ఉపయోగపడకుండా ఇంత పెరిగినవారిని నేను మా బంధువర్గంలో కూడా చూడలేదు.

ఇక సోమవారం సంగతి. తొలేళ్లు, అంటే పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ముందురోజు. సాయంత్రం ఇంటిల్లిపాదీ మూడు లాంతర్ల దగ్గర జనంలో ఇరుక్కుని ఉన్నాం. ఘటాలు వస్తున్నాయి. జేబులో ఫోను వణికింది. పూల్, అంటే లన్‌లూ మీరూ అందరూ పంచుకునే డిస్కుల చోటు, తొంభై ఆరు శాతం నిండింది. ముందురోజు ఆదివారం కదా, రాత్రి డేటాబేసు ఇండెక్సులన్నీ, అంటే వెతకడానికి వాడే సూచికలన్నీ, మళ్లీ కట్టే జాబ్ నడిచింది. ఆ జాబ్ డేటాలో ఒక్క అంకె కూడా మార్చదు, కానీ బ్లాకులన్నీ కొత్తగా రాస్తుంది. మీకూ, రోజువారీ తీసే మీ తమ్ముళ్లకీ అది పెళ్లి భోజనం.

‘ఏటండీ, ఆ డబ్బా మళ్లీ పిలిచిందా?’ అంది మా ఆవిడ. జవాబు చెప్పకుండా చెప్పులు వెతుక్కున్నాను. ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్, ‘ఏటి సార్, తొలేళ్ల నాడు కూడా వచ్చీసారు?’ అన్నాడు. అతనికీ జవాబు చెప్పలేదు.

ముందు నేను చేసిన వెర్రిపని చెబుతాను, నవ్వుకోండి. పాత లాగ్ ఫైళ్లు నూట ఎనభై జీబీ ఉంటే, వాటిని కుదించి ముప్పై చేసి, అసలువి డిలీట్ చేశాను. సర్వర్‌లో నూట యాభై జీబీ ఖాళీ అయినట్టు చూపించింది. హాయిగా నీళ్లు తాగి స్టోరేజీ స్క్రీన్ చూద్దును కదా, తొంభై ఏడు! డిలీట్ చేసిన ఫైళ్ల బ్లాకులన్నీ మీ అన్నదమ్ముల గదుల్లోకి వెళ్లి కూర్చున్నాయి, కుదించిన ఫైళ్లకేమో కొత్త చోటు కావలసి వచ్చింది. ఇల్లు ఊడ్చి చెత్త వీధిలో పోశాననుకున్నాను. పక్కగదిలో పోసుకున్నానన్నమాట.

తరవాత రోజువారీ స్నాప్‌షాట్లు ఆరు తీసేశాను. వాటి పక్కన కనిపించే అంకెలు కూడితే డెబ్బై జీబీ రావాలి. తొమ్మిది వచ్చింది. ఒకే పాత బ్లాకును ఆరుగురూ, ఆరుగురి వెనక మీరూ పట్టుకుని ఉన్నారు. ఆఖరివాడు వదిలితే గానీ అది ఖాళీ కాదు. ఉమ్మడి ఆస్తి దావాలాగే, చిన్నవాటాదార్లు ఎంతమంది సంతకాలు పెట్టినా పెద్దాయన పెట్టకపోతే కాగితం కదలదు. ఆ పెద్దాయన మీరే.

మిమ్మల్ని తీసింది నేను కాదు కాబట్టి తీసేయడానికి చెయ్యి రాలేదు. బెంగళూరు కుర్రాడికి ఫోన్ చేశాను. ‘ఏ స్నాప్‌షాట్ సార్? నేను తీశానా?’ అన్నాడు. పాపం, వాడి తప్పేముంది. మేనేజర్ గారికి చేశాను. ఆయన వెనక డప్పుల మోత.

‘తీసేస్తే ఏమైనా అవుతుందా?’

‘ఏమీ అవదు సార్. దానితో వెనక్కి వెళ్తే పద్నాలుగు నెలల బిల్లులు పోతాయి. ఎలాగూ వాడలేం.’

‘మరి ఉంచితే?’

‘రేపు మధ్యాహ్నానికి పూల్ నిండిపోతుంది. లన్ ఆగిపోతుంది. బిల్లింగ్ ఉండదు.’

చాలాసేపు డప్పులే వినిపించాయి. ‘మీకు ఏది మంచిదనిపిస్తే అది చెయ్యండి. దీని గురించి మెయిల్ మాత్రం పెట్టకండి’ అన్నారు.

మీ బలమంతా ఇక్కడే ఉంది స్నాప్‌షాట్ గారూ. తీసేటప్పుడు ఎవరి అనుమతీ అక్కర్లేదు. తీసేయాలంటే మాత్రం ఒకడి మెడ కావాలి. ఉంచితే వచ్చే నష్టం అందరిదీ, తీసేస్తే వచ్చే మాట ఒక్కడిది. ఆ ఒక్కడు ఎవడా అని పద్నాలుగు నెలలు అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

పైగా తమరికి బ్యాకప్ అనే బిరుదొకటి. ఆడిట్‌కి వచ్చినవాళ్లు ‘బ్యాకప్ ఉందా?’ అంటే మా వాళ్లు స్నాప్‌షాట్ల లిస్టు చూపించి కాఫీ ఇచ్చి పంపేవారు. మీరుండేది అదే పెట్టెలో, అవే డిస్కుల మీద. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడినప్పుడు మన జిల్లానూ వదల్లేదు. అలాంటి గాలికి కప్పు లేచి ఈ గదిలో నీళ్లు పడితే, అసలు డేటా ఎంత తడుస్తుందో తమరూ అంతే తడుస్తారు. మరో ఊళ్లో మరో కాపీ ఉంటే అది బ్యాకప్. మీరు అద్దంలో బొమ్మ. అద్దం పగిలితే ఇద్దరూ లేరు.

రాత్రి పదకొండున్నరకి డిలీట్ నొక్కాను. ‘ఖచ్చితంగానా?’ అని అడిగింది. ఈ ప్రశ్న మిమ్మల్ని తీసినప్పుడు అడిగి ఉంటే ఎంత బాగుండేది. నొక్కాక పది నిమిషాలు అంకె కదల్లేదు. తొంభై ఏడు, తొంభై ఏడు. ఆ పది నిమిషాల టెన్షన్ మీకు శాపంలా తగలాలి. బ్లాకులు వెనకాల ఒక్కొక్కటే విడుదలవుతాయని తెలుసు, అయినా చెమటలు పట్టాయి. తరవాత తొంభై ఆరు, తొంభై మూడు. తెల్లారేసరికి అరవై ఐదు.

మంగళవారం మధ్యాహ్నం నిద్ర కళ్లతోనే సిరిమాను చూశాను. పూజారిగారు ఆ పొడుగాటి మాను చివర అంత ఎత్తున కూర్చుని గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగి, ఆ రోజే కిందికి దిగిపోయారు. మళ్లీ ఏడాదికి మాను కూడా కొత్తదే తెస్తారు. ‘ఏటలా చూస్తున్నారు?’ అంది మా ఆవిడ. మీ గురించే ఆలోచిస్తున్నానని చెప్పలేదు.

ఇప్పుడు ఆఫీసులో ఒక రూలు పెట్టాం. స్నాప్‌షాట్ పేరులో అడిగినవాళ్ల పేరు, పోవలసిన తేదీ ఉండాలి. ఆ తేదీ వస్తే దానంతటదే పోతుంది. పూల్ డెబ్బై దాటితే ఫోను వణుకుతుంది, తొంభై ఆరు దాకా ఆగదు. రూలు వచ్చిన దగ్గర్నుంచి, వారానికి పది స్నాప్‌షాట్లు అడిగేవాళ్లు రెండు అడుగుతున్నారు. మేనేజర్ గారైతే అసలు అడగడం మానేశారు.

మీ తమ్ముడొకడు మిగిలాడు. వాడి మీద ఎవరో టెస్ట్ డేటాబేసు క్లోన్, అంటే నకలు, కట్టారు. డిలీట్ నొక్కితే ‘వాడుకలో ఉంది, కుదరదు’ అంటోంది పెట్టె. ఆ టెస్ట్ డేటాబేసు ఎవరు వాడుతున్నారని ఆఫీసంతా అడిగాను. ఎవరూ వాడటం లేదట, కానీ తీసేయొద్దట. వాడికి వేరే ఉత్తరం రాస్తున్నాను.

ఇట్లు,
తమరిని తీసేసినవాడు