మీట ఎవరి చేతిలో?

ఫోన్‌లో *#06# కొడితే పదిహేను అంకెల ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోన్‌కే ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్య, తెరపైకొస్తుంది. రెండు సిమ్‌ల ఫోనైతే రెండు నంబర్లు. సిమ్ మార్చినా, ఫార్మాట్ చేసినా అవి మారవు. ఎవరైనా మారిస్తే 2023 టెలికం చట్టం కింద మూడేళ్ల వరకు జైలు, రూ.50 లక్షల వరకు జరిమానా పడొచ్చు. ఈ నంబరు వల్ల మేలు లేదని ఎవరూ అనరు. దాని ఆధారంగానే, పోయిన ఫోన్లపై ఫిర్యాదు చేసే కేంద్ర ప్రభుత్వ సీఈఐఆర్ పోర్టల్ ద్వారా తెలంగాణ పోలీసులు వేల ఫోన్లు రాబట్టి సొంతదారులకు అప్పగించారు. అయితే ఆ నంబరును ఎవరెవరు, ఎప్పుడెప్పుడు చదువుతున్నారో ఆ సొంతదారుకు తెలిసే దారేదీ?

ఈ పేచీ పాతదే. 1999 జనవరిలో ఇంటెల్ తన పెంటియం 3 కంప్యూటర్ చిప్‌లో, ప్రతి చిప్‌కూ వేరుగా ఉండే 96 బిట్ల క్రమసంఖ్య పెడుతున్నట్టు ప్రకటించింది. ఆన్‌లైన్ లావాదేవీల భద్రత కోసమేనంది. వెబ్‌సైట్లు మనల్ని గుర్తుపట్టేందుకు కంప్యూటర్లో దాచే కుకీలనైతే చెరిపేసుకోవచ్చు, చిప్‌లోనే ఉన్నదాన్ని ఏం చేస్తాం? ఒకే కంప్యూటర్ ఏయే వెబ్‌సైట్లు తిరిగిందో ఆ సంఖ్యతో గుదిగుచ్చవచ్చంటూ అమెరికాలో ఎపిక్ వంటి గోప్యతా హక్కుల సంస్థలు బహిష్కరణకు పిలుపిచ్చాయి. ఇంటెల్ దిగొచ్చి, సంఖ్యను ఆపేసే సాఫ్ట్‌వేర్ ఇస్తామంది. తీరా చూస్తే, ఆపిన సంఖ్యను సాఫ్ట్‌వేర్‌తోనే మళ్లీ తెరవొచ్చని జర్మనీ కంప్యూటర్ పత్రిక సీటీ బయటపెట్టింది. మీట ఇచ్చినట్టే ఇచ్చారు, అది ఎవరు నొక్కినా పనిచేస్తుంది! 2000లో వచ్చిన పెంటియం 4లో ఆ సంఖ్యే లేదు.

మన టెలికం విభాగం 2025 నవంబరులో ఇంచుమించు అదే దారి పట్టింది. ఐఎంఈఐ అసలుదో కాదో చూసుకునే సంచార్ సాథీ యాప్‌ను కొత్త ఫోన్లలో ముందే వేసి అమ్మాలని కంపెనీలను ఆదేశించింది. దాని పనితీరును ఆపేయరాదనీ అందులో రాసింది. గగ్గోలు రేగాక, అక్కర్లేనివారు తీసేసుకోవచ్చని మంత్రి సర్దిచెప్పారు. ఉత్తర్వులో ఒకటి, మాటలో మరొకటి! డిసెంబరు 3న ఆ నిబంధనను వెనక్కి తీసుకోవడం మంచిదే. కానీ జనం అల్లరి చేస్తే తప్ప కదలకపోవడం సంతోషించాల్సిన సంగతి కాదు.

మామూలు యాప్‌లు ఐఎంఈఐ చదవకుండా ఆండ్రాయిడ్ 10తో గూగుల్ 2019లోనే తలుపు మూసింది. ప్రభుత్వానికి అలాంటి హద్దేది? గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లోనే తేల్చింది. 2023 డేటా రక్షణ చట్టం 17వ సెక్షన్ మాత్రం, తాను కోరుకున్న ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే వీలు కేంద్రానికి కల్పించింది. ఆ మినహాయింపు పొంది ఐఎంఈఐ చూసే ప్రతి సంస్థా ఎన్ని నంబర్లు, ఏ కేసు కింద చూసిందో ఏటా లెక్క చెప్పాలి. ఆ లెక్కను పార్లమెంటు ముందుంచాలి.