మూడో సభ్యుడి గడికి ఒక విన్నపం

నా పీహెచ్‌డీ సలహా సంఘం కాగితంలోని గౌరవనీయులైన మూడో సభ్యుడి సంతకం గడి గారికి,

అనంతపురం నుంచి తమ పరిశోధక విద్యార్థి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. పైన ఇద్దరు సభ్యుల సంతకాలు మెలికలు తిరిగి మురిసిపోతుండగా, తమరు మాత్రం ఐదు నెలలుగా మా జిల్లా ఆకాశంలాగా నిర్మలంగా ఉన్నారు. ఒక్క చుక్క రాలలేదు.

తమరిని నింపడం గంట పని అనుకున్నాను. ఎం.ఏ.లో పాఠం చెప్పిన మాస్టారు కాదంటారా? కాదనలేదు. "మిగతా ఇద్దరూ ఎవరు?" అన్నారంతే. చెప్పాను. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, కిటికీలోంచి వేపచెట్టును చూస్తూ ఉండిపోయారు. ఆ రెండో సభ్యుడికీ ఈయనకూ శాఖాధిపతి పదవి దగ్గర మాటలు పోయి తొమ్మిదేళ్లయిందట. క్యాంటీన్‌లో టీ పోసే అతనికి కూడా తెలిసిన సంగతి. వేరుశనగ రైతుల అప్పుల గురించి ఊరూరా తిరిగి ఆరా తీసిన నాకు తెలియదు.

తర్వాత వెళ్లిన మరో ప్రొఫెసరు గది అటెండర్ దయగలవాడు. "సార్ ఉన్నారు, కానీ మీకు లేరు" అన్నాడు. ఇంత స్పష్టమైన వాక్యం నా పరిశోధన ప్రతిపాదన, అదే సినాప్సిస్‌లో ఒక్కటీ లేదు. నాలుగో రోజు ప్రవేశం దొరికింది. "నా కోటా నిండిపోయిందయ్యా, ఎనిమిది మంది ఉన్నారు" అన్నారు సార్. యూజీసీ 2022 నిబంధనల్లో ఎనిమిది అనేది ప్రొఫెసరు గైడుగా తీసుకోదగిన విద్యార్థుల లెక్క, సలహా సంఘంలో కూర్చోవడానికి కాదు. ఆ మాట గొంతుదాకా వచ్చింది. ప్రతి సెమిస్టరుకూ సంఘం ముందు నిలబడాల్సినవాడిని, వాదన గెలిచి ఏం చేసుకోను? మింగేశాను. బల్ల మీద నా సినాప్సిస్ కనిపించింది. అట్ట మీద గుండ్రటి టీ మరక, దాని నడుమ శీర్షికలోని "రైతుల" అన్న మాట మునిగి ఉంది. చదవకపోయినా వాడుకున్నారు, అంతే చాలు.

నా తప్పూ ఉంది. ఐదున్నరకే సూర్యోదయం బొమ్మతో "శుభోదయం సార్" అని అందరికీ పంపేవాణ్ణి. ఒకరు నన్ను బ్లాక్ చేశారు.

చివరికి ఒక మేడం అడగ్గానే ఒప్పుకున్నారు. చదివారు కూడా! "కౌలు రైతుకు బ్యాంకు అప్పు ఎందుకు పుట్టదో రాయలేదేం?" అన్నారు. మన రాష్ట్రంలో కౌలు రైతుల కోసం చేసిన 2019 చట్టం కింద, అప్పుకు చూపే పంట సాగుదారు హక్కు పత్రానికి భూయజమాని సంతకం కావాలి, దాని కోసం రైతు ఆయన గడప చుట్టూ తిరగాలి అని ఆవిడ వివరిస్తుంటే నా కాళ్లు నొప్పి పుట్టాయి.

ఎగిరి గంతేసి గైడు గారికి చెప్పాను. "ఆవిడా? ప్రశ్నలు మరీ ఎక్కువ వేస్తారయ్యా" అన్నారు.

తమ పక్కన పేరు రాసే చోట ఇప్పటికి మూడుసార్లు వైట్‌నర్ పూశాను, కాగితం అట్టలా బిరుసెక్కింది. సోమవారం నాలుగో పేరుతో వస్తున్నాను. ఈసారి పెన్సిలుతో రాస్తాను. రబ్బరు జేబులోనే ఉంటుంది.

ఇట్లు,
తమ విధేయుడు