నీళ్లు ముట్టుకోవద్దన్నారు

అవా డువెర్నే తీసిన ‘ఆరిజిన్’ (2023) సినిమా జర్మనీలో యూదులపై, అమెరికాలో నల్లవాళ్లపై, ఇండియాలో దళితులపై సాగిన వివక్షను ఒకే గాటన కట్టిందని ఒక వ్యాసంలో తప్పుబట్టారు. నేను ఒప్పుకోను. అందులో ఈతకొలను సీను చూడండి. 1951, ఒహాయో. బేస్‌బాల్ టీం పిల్లలంతా నీళ్లలో ఆడుతుంటే నల్ల పిల్లాడొక్కడే కంచె బయట. చివరికి మిగతావాళ్లను బయటికి రప్పించి, అతన్ని తెప్ప మీద కూర్చోబెట్టి ఒక్క చుట్టు తిప్పుతారు. నీళ్లు ముట్టుకోవద్దని మరీ మరీ చెబుతూ.

నాకు అనంతపురం పక్కన మా ఊరే కనిపించింది. మా అవ్వ ఎవర్నీ పల్లెత్తు మాట అనేది కాదు. కానీ శనక్కాయ చేన్లో కూలికొచ్చిన ఆడవాళ్లు దోసిలి పడితే, వాళ్ల చెయ్యి తగలకుండా చెంబు జానెడు పైకెత్తి పోసేది. సగం నీళ్లు మట్టిపాలయ్యేవి, అదీ మా కరువు సీమలో! ద్వేషం లేకుండానే ఇది నడుస్తుంది. సినిమా చెప్పేది అదే. రంగు తేడా లేని చోట కూడా దూరం పెట్టారు. మహారాష్ట్రలోని మహద్‌లో దళితులను రానివ్వని చెరువు నీళ్లు తాగడానికి 1927లో అంబేడ్కర్ వేలమందితో నడవాల్సి వచ్చింది కదా. సినిమాలో చూపినట్టు 1934లో నాజీ లాయర్లు తమ చట్టాల కోసం అమెరికా జాతి చట్టాలను ముందు పెట్టుకుని చర్చించిందీ కల్పన కాదు.

ఆ చెంబు ఇప్పటికీ మా అటక మీద ఉంది.