డ్రైవర్ లైసెన్సు గడువు ఓనరుకు గుర్తుండాలి

లారీ ఫిట్‌నెస్ ఎప్పుడు అయిపోతుందో ఓనరును అడిగితే తడుముకోకుండా చెప్తాడు. ఇన్సూరెన్స్, పర్మిట్, ట్యాక్స్, పొల్యూషన్ సర్టిఫికెట్.. ఏదీ మర్చిపోడు. అదే లారీ స్టీరింగ్ పట్టే మనిషి లైసెన్సు ఎప్పటిదాకా ఉందని అడిగితే మాత్రం ‘హెవీ ఉంది సార్, పాత డ్రైవరే’ అన్న జవాబు వస్తుంది. బండి కాగితాల మీద ఉన్న శ్రద్ధలో సగం కూడా డ్రైవర్ కాగితాల మీద లేదు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, భూపాలపల్లి నుంచి బొగ్గు, గోదావరిలో ఇసుక తవ్వే రీచ్‌ల నుంచి ఇసుక, రామగుండం విద్యుత్ కేంద్రం నుంచి బూడిద, కరీంనగర్ క్వారీల నుంచి గ్రానైట్ దిమ్మెలు.. ఉత్తర తెలంగాణలో ఏ సరుకు కదలాలన్నా లారీయే దిక్కు. 163, 563 జాతీయ రహదారుల మీద ఆ లారీల పక్కనే కూలీల ఆటోలు, బడిపిల్లల సైకిళ్లు పోతుంటాయి. 2025 జనవరి 26న వరంగల్ శివారు మామునూరు దగ్గర ఇనుప లోడుతో వెళ్తున్న లారీ ఆటోల మీద పడి వలస కూలీల ప్రాణాలు తీసింది. డ్రైవర్ తాగి ఉన్నాడని పోలీసులు చెప్పారు. అదే ఏడాది నవంబరు 3న చేవెళ్ల దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయారు. ఇలాంటివి జరిగినప్పుడల్లా నాలుగు రోజులు స్పెషల్ డ్రైవ్ పెడతారు. తర్వాత అంతా మామూలే.

రవాణా వాహనం నడిపే లైసెన్సును ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. పెట్రోలు, గ్యాస్, యాసిడ్ వంటి ప్రమాదకర సరుకు మోసేవారికి మూడేళ్లకోసారి, అదీ ఒక రోజు రిఫ్రెషర్ శిక్షణ అయ్యాకే. అసలు చిక్కు కార్డు దగ్గరే మొదలవుతుంది. దాని మీద రెండు గడువు తేదీలు ఉంటాయి. ఒకటి నాన్ ట్రాన్స్‌పోర్ట్‌ది, సొంత కారు, బైకు నడపడానికి. అది చాలా ఏళ్లు ముందుకు ఉంటుంది. రెండోది ట్రాన్స్‌పోర్ట్‌ది, లారీ నడపడానికి. దూరంగా ఉన్న తేదీని చూసి ‘ఇంకా బోలెడు టైముంది’ అనుకుంటే, లారీ నడిపే అర్హత ఎప్పుడు పోయిందో డ్రైవర్‌కూ తెలియదు, ఓనరుకూ తెలియదు.

దీనికి తోడు గడువు దాటినా నెల రోజులు నడపొచ్చన్న నమ్మకం ఇంకా పోలేదు. ఆ 30 రోజుల వెసులుబాటును 2019 చట్ట సవరణ తీసేసింది. ఇప్పుడు గడువు ముగిసిన మర్నాటి నుంచే లైసెన్సు లేనట్టు లెక్క. రెన్యువల్‌కు ఏడాది ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. గడువు దాటి ఏడాది గడిచిపోతే మళ్లీ డ్రైవింగ్ టెస్టుకు నిలబడాలి. ఇంకో మాట కూడా చెప్పాలి. మొత్తం బరువు 7,500 కిలోల లోపుండే రవాణా వాహనాన్ని ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. చిన్న ట్రాలీలు నడిపేవారికి అది పెద్ద ఊరట. పది టైర్ల లారీకి ఆ తీర్పును చూపిస్తే చెల్లదు.

లారీ లైసెన్సు రెన్యువల్‌కు పెట్టే మెడికల్ సర్టిఫికెట్, అంటే ఫారం 1ఏ సంగతి మరీ బాధాకరం. 25 మీటర్ల దూరంలో ఉన్న నంబరు ప్లేటు కనిపిస్తుందా, రేచీకటి ఉందా అని ఆ ఫారం డాక్టరును సూటిగా అడుగుతుంది. రాత్రి రెండింటికి ఏటూరునాగారం అడవి రోడ్డు మీద లోడుతో వచ్చే మనిషికి ఇంతకంటే అవసరమైన పరీక్ష లేదు. డ్రైవర్ ముఖం కూడా చూడకుండా ఆ ఫారం మీద సంతకం పెట్టే డాక్టరు ఎవరి ప్రాణాలతో ఆడుకుంటున్నాడో ఆలోచించుకోవాలి.

లైసెన్సు లేని మనిషికి బండి ఇస్తే ఓనరుకు 5,000 రూపాయల జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉంటాయి. జరిమానాతో పోయేదైతే ఇంత చెప్పనక్కర్లేదు. చెల్లని లైసెన్సుతో యాక్సిడెంట్ అయి, ఓనరు కాగితాలు చూసుకోలేదని తేలితే, ఇన్సూరెన్స్ కంపెనీ బాధితులకు పరిహారం కట్టినా ఆ డబ్బంతా ఓనరు దగ్గరే వసూలు చేసుకోవచ్చు. సుప్రీంకోర్టు 2004లోనే ఈ దారి చూపింది. ఫైనాన్స్ మీద ఒకే లారీ కొనుక్కుని బతికే కుటుంబం అక్కడితో రోడ్డున పడుతుంది.

ఇందులో డ్రైవర్‌ను ఒక్కడినే దోషిగా నిలబెట్టడం మాకు ఇష్టం లేదు. ట్రిప్పు లెక్కన కూలి వచ్చే మనిషి ఆర్టీఏ ఆఫీసు చుట్టూ తిరిగితే ఆ రోజు బత్తా పోతుంది. స్లాట్ దొరికిన రోజున అతను నాగపూర్‌లోనో విజయవాడలోనో ఉంటాడు. పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించొద్దని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే గీత గీసింది. లారీ క్యాబిన్‌లో ఆ గీతను పట్టించుకున్నవారు ఎవరు? నిద్ర చాలని డ్రైవర్ జేబులో లైసెన్సు ఎంత సక్రమంగా ఉన్నా ఎదురొచ్చే ఆటోకు భద్రత లేదు.

తనిఖీ రోడ్డు మీద కంటే లోడింగ్ దగ్గర తేలిక. సాధారణంగా కాంటా మీద లారీ బరువు చూడకుండా ఏ గనీ, ఏ క్వారీ, ఏ మిల్లూ బయటికి పంపదు. ఆ కాంటా దగ్గరే డ్రైవర్ లైసెన్సులో ట్రాన్స్‌పోర్ట్ తేదీ చూసి, స్లిప్పు మీద రాయాలి. గడువు దాటితే లోడు ఇవ్వొద్దు. సింగరేణి, మార్కెట్ కమిటీలు, ఇసుక రీచ్‌ల అధికారులు తలుచుకుంటే దీనికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు. లారీ ఓనర్ల సంఘాలు గడువుకు మూడు నెలల ముందే డ్రైవర్లకు ఫోన్ చేసి గుర్తుచేయాలి. రెన్యువల్‌కు వెళ్లిన రోజు బత్తా కోయకూడదు. సిరిసిల్ల జిల్లా మండెపల్లిలో హెవీ డ్రైవింగ్ శిక్షణ కేంద్రం ఉండనే ఉంది. కొత్తవారితో పాటు ఇరవై ఏళ్లుగా స్టీరింగ్ పట్టినవారికి కూడా అక్కడ ఏటా రిఫ్రెషర్ తరగతులు పెట్టించే పని రవాణా శాఖది. జనవరి నుంచి ఎనుమాముల యార్డుకు మిర్చి బస్తాల లారీలు బారులు తీరుతాయి. కలెక్టర్లు, రవాణా అధికారులు, మార్కెట్ కమిటీలు ఆలోపే కూర్చుని మాట్లాడుకుని గేటు దగ్గర ఈ తనిఖీ మొదలుపెట్టాలని కోరుతున్నాం.